సంగీతం ఒక్కటే బాగుందట!

'ట్రాన్: లెగసీ' పేరెత్తితే చాలు, జవాబు సిద్ధంగా ఉంటుంది: సినిమా తేలిపోయింది, సంగీతం మాత్రం అదిరింది. 2010 డిసెంబరులో సినిమా విడుదలైనప్పుడు సమీక్షకులు మొదలుపెట్టిన ఈ మాటను అభిమానులు ఇప్పటికీ మోస్తున్నారు. పైకి మెచ్చుకోలే. డాఫ్ట్ పంక్ ద్వయాన్ని ఆకాశానికెత్తినట్టే ఉంటుంది. నిజానికి ఆ ఇద్దరికీ ఇంతకంటే పెద్ద అవమానం లేదు. సినిమాకు సంగీతం చేయడానికి కూర్చున్నవాళ్లను పట్టుకుని, మీరు చేసింది సినిమాతో పని లేకుండానే గొప్పగా ఉందయ్యా అనడం ఏం పొగడ్త?

ఈ తీర్పుకు తోకలు కూడా ఉన్నాయి. వయొలిన్లు, బ్రాస్ వినిపించిన చోటల్లా అది వాద్యబృందానికి స్వరాలు కూర్చిన జోసెఫ్ ట్రపనీజ్ పనేనట. సింథసైజర్ వినిపిస్తే డాఫ్ట్ పంక్ పనట. మిగిలిన గాంభీర్యమంతా హాన్స్ జిమ్మర్ దగ్గర ఎత్తుకొచ్చిందట. మూడూ కలిపి చూడండి: డాఫ్ట్ పంక్‌లోని థామస్ బాంగల్తేర్‌కూ, గీ-మాన్యుయెల్ ద ఒమెమ్-క్రిస్తోకూ మిగిలేవి నెత్తిన పెట్టుకున్న హెల్మెట్లే. సినిమాను ఒక పక్కకూ సంగీతాన్ని మరో పక్కకూ లాగి, ఆ సంగీతాన్ని మళ్లీ తీగలు వేరు, వైర్లు వేరు అని చీల్చి, ఎవరి వాటా వారికి పంచే ఈ పద్ధతితోనే నా పేచీ. పులిహోర తిని చింతపండు బాగుంది, అన్నం బాగాలేదు అని లేచిపోయేవాళ్లతో వాదించడం కష్టమే. అయినా ప్రయత్నిద్దాం.

ముందు సినిమా సంగతి. తేలిపోయిందంటే ఏ లెక్కన? డిస్నీ దాదాపు 17 కోట్ల డాలర్లు పెట్టింది, ప్రపంచమంతటా కలిపి 40 కోట్ల డాలర్ల దాకా వసూలైంది. ఇది బ్రహ్మాండమైన విజయపు లెక్క కాకపోవచ్చు, ఫ్లాపు లెక్క మాత్రం కాదు. కథ బలహీనమే, ఒప్పుకుంటాను. సంభాషణల్లో తడి లేదు. జెఫ్ బ్రిడ్జెస్ ముఖాన్ని కంప్యూటర్‌తో కుర్రవాడిగా మార్చి 'క్లూ' పాత్రకు తగిలించిన పని ఈనాడు చూస్తే ఇబ్బందిగానే ఉంటుంది. ఇవన్నీ తీసేశాక కూడా సినిమాలో మిగిలేది చాలా ఉంది, సంగీతం నిలబడింది దాని మీదే.

దర్శకుడు జోసెఫ్ కొసిన్స్కీకి ఇది మొదటి సినిమా. తర్వాతెప్పుడో 'టాప్ గన్: మావెరిక్' తీసినవాడే. చదివింది ఆర్కిటెక్చర్. అది తెరమీద తెలుస్తూనే ఉంటుంది. కంప్యూటర్ లోపలి ప్రపంచమైన గ్రిడ్‌ను అతను కట్టడంలాగే చూశాడు: నల్లటి గాజు నేలలు, అంచుల్లో సన్నటి వెలుగు గీతలు, విశాలమైన ఖాళీలు, ఆ ఖాళీల్లో అరకొరగా మనుషులు. కెమెరా తొందరపడదు. పాత్రలు నోరు విప్పని నిడివి మామూలు హాలీవుడ్ భారీ చిత్రంతో పోలిస్తే చాలా ఎక్కువ. ఇలాంటి దృశ్యం శబ్దానికి చోటు వదిలిపెడుతుంది. మాట మీద మాట, జోకు మీద జోకు పేర్చిన సినిమాలో ఇదే సంగీతాన్ని పెట్టి చూడండి, ఊపిరాడక చస్తుంది. డాఫ్ట్ పంక్‌కు అంత జాగా ఇచ్చింది ఎవరు? ఆ తేలిపోయిందన్న సినిమాయే.

కథానాయకుడు శామ్ గ్రిడ్‌లోకి జారిపడిన తర్వాత వచ్చే ఘట్టం తీసుకోండి. ఒక గదిలో నలుగురు స్త్రీలు అతని బట్టలు ఒలిచి, యుద్ధపు దుస్తులు తొడుగుతారు. మాటలు అతి తక్కువ. నెమ్మదిగా, ఒకే లయలో తిరిగే సింథ్ మీద నడుస్తుందా ఘట్టం. ఆ ముక్కను హెడ్‌ఫోన్లలో విడిగా వింటే 'బాగుంది' అనుకుని తర్వాతి ట్రాకుకు వెళ్తాం. తెరమీద చూస్తే, ఆ స్త్రీల అడుగుల కొలతకూ ఆ లయకూ ఉన్న పొత్తు తెలుస్తుంది. అక్కడ మనుషులంతా ప్రోగ్రాములు, వాళ్ల నడకలో తడబాటు ఉండదు. ఆ సంగతి ఎవరూ సంభాషణలో చెప్పరు. సంగీతమే చెబుతుంది.

తర్వాత రింజ్లర్ వస్తాడు. ఒకప్పటి ట్రాన్ పాత్రనే లోపల చెరిపేసి, శత్రువు వైపు యోధుడిగా తిరగరాసిన మనిషి. అతని కోసం చేసిన ముక్కలో ముందుకు తోసుకొచ్చేది దరువే, రాగం వెనక ఎక్కడో ఉంటుంది. ట్రాన్ ఎలా కూలిపోయాడో తండ్రి ఫ్లిన్ చెప్పే ఘట్టంలో మాత్రం తీగవాద్యాలు పూర్తిగా విప్పారి పాడతాయి. 'అడాజియో ఫర్ ట్రాన్' అని దాని పేరు. పేరూ జ్ఞాపకమూ ఉన్న ట్రాన్‌కు రాగం, పేరు పోయిన రింజ్లర్‌కు దరువు. ఆల్బమ్‌గా విన్నవాళ్లకు ఇవి రెండు వేరువేరు మూడ్‌లు, అంతే. సినిమాగా చూసినవాళ్లకు ఇది ఒకే మనిషి కథ. సినిమాను పక్కన పెట్టి సంగీతాన్ని మెచ్చుకునేవాళ్లు ఈ సంగతిని కోల్పోయి మెచ్చుకుంటున్నారు.

మనవాళ్లకు ఈ తీర్పు ఇట్టే నచ్చడానికి ఒక కారణం ఉంది. తెలుగు సినిమాలో పాటకు సొంత బతుకు ఉంటుంది. సినిమా వారం ఆడకపోయినా క్యాసెట్టు ఏళ్ల తరబడి ఆడిన ఉదాహరణలు కోకొల్లలు. 'సినిమా పోయింది, పాటలు మిగిలాయి' అనడం మనకు అలవాటైన న్యాయం. పాట విషయంలో న్యాయమే. పాటకు తన మొదలు, తన చివర ఉంటాయి. కానీ మన స్టూడియోల్లో ఆర్.ఆర్. అని పిలుచుకునే రీరికార్డింగ్ పాట కాదు. అది షాటు ఎక్కడ తెగుతుందో, పాత్ర ఎక్కడ తల తిప్పుతుందో చూసి పుడుతుంది. పాటకు వేసే కొలతతో ఆర్.ఆర్.ను కొలిస్తే వచ్చేది ఇలాంటి తీర్పే.

డాఫ్ట్ పంక్ పాత అభిమానుల వల్ల ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. ఇప్పుడు అందరూ మరిచిపోయారు గానీ, ఆల్బమ్ వచ్చిన కొత్తలో వాళ్లలో చాలామంది ముఖం వేలాడేశారు. 1997 నాటి 'హోమ్‌వర్క్', 2001 నాటి 'డిస్కవరీ' లాంటిది వస్తుందని ఎదురుచూస్తే, రెండు మూడు నిమిషాలకే ఆగిపోయే వాద్యబృందపు ముక్కలు వచ్చాయి. పాత డాఫ్ట్ పంక్‌లా చిందేయించే 'డీరెజ్డ్' రెండు నిమిషాలు కూడా ఉండదు. అదీ సినిమాలో క్లబ్బు సన్నివేశం కాబట్టి. అక్కడ ఆ ఇద్దరే హెల్మెట్లతో డీజేలుగా కనిపిస్తారు, కొట్లాట మొదలవగానే ట్రాకు మారుతుంది. సరే, అభిమానులకు కావలసిన నాట్యసంగీతం ఎలా వచ్చింది? 2011లో డిస్నీ 'ట్రాన్: లెగసీ రీకాన్ఫిగర్డ్' అని వేరే ఆల్బమ్ తెచ్చింది. మోబీ, ఎం83, పాల్ ఓకెన్‌ఫోల్డ్ వంటివాళ్లు ఇవే ముక్కలను తిరగేసి, పొడిగించి, క్లబ్బులకు పనికొచ్చేలా చేశారు. అసలు సంగీతం సినిమాతో పనిలేని స్వతంత్ర ఆల్బమే అయితే దాన్ని ఇంతమంది కలిసి మళ్లీ ఆల్బమ్‌గా మార్చాల్సిన అవసరం ఏమొచ్చింది?

ఇక తీగలు, వైర్ల పంపకం. లండన్‌లో హాంప్‌స్టెడ్ ప్రాంతంలో ఎయిర్ లిండ్‌హర్స్ట్ అనే స్టూడియో ఉంది. పాత చర్చి భవనాన్ని బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ స్టూడియోగా మార్చాడు. 'ట్రాన్: లెగసీ' వాద్యబృందం అక్కడే వాయించింది: 85 మంది. బృందాన్ని నడిపింది గేవిన్ గ్రీనవే. బృందానికి తగినట్టు సంగీతాన్ని అమర్చి స్వరాలు కూర్చింది ట్రపనీజ్. ఈ వివరాలు చూపించి, 'చూశారా, సగం సంగీతం వాళ్లది కాదు' అంటారు.

వినండి ముందు. రికగ్నైజర్ అనే గాలి ఓడ శామ్‌ను పట్టుకునే చోట వయొలిన్లు ఏం వాయిస్తున్నాయి? చిన్న స్వరగుచ్ఛాన్ని కొట్టినట్టుగా, తెగ్గొట్టినట్టుగా, మళ్లీ మళ్లీ. సింథసైజర్‌లో ఆర్పెజియేటర్ మీట నొక్కితే వచ్చే నడక అది. అంటే మనుషుల చేత యంత్రం వాయించినట్టు వాయించారు. మరోవైపు, సోలార్ సెయిలర్ అనే ఓడ మీద శామ్, ఫ్లిన్, వాళ్లకు తోడున్న క్వోరా ప్రయాణించే చోట సంగీతంలో ఉన్న మృదుత్వమంతా సింథసైజర్లదే. మొత్తం సినిమాలో అంతటి లాలిత్యం ఉన్న ముక్క మరొకటి లేదంటాను, దాన్ని యంత్రానికి ఇచ్చారు. వయొలిన్లు గడుసుగా, సింథ్‌లు మెత్తగా. ఎవరి వాటా ఎవరిదో ఇప్పుడు పంచండి.

ఇది గారడీ కోసం చేసింది కాదు. సినిమా అడుగుతున్న ప్రశ్నే అది. క్వోరా మనిషి కాదు, ఎవరూ రాయకుండా గ్రిడ్‌లో తనంతట తానే పుట్టిన ప్రోగ్రాం. ఆమెకే సూర్యుణ్ని చూడాలని ఉంటుంది. మనిషి ముఖం ఉన్న క్లూకు మాత్రం లోపాలు లేని లోకం కావాలి, దానికోసం క్వోరా జాతినంతా తుడిచేశాడు. ఏది మనిషి, ఏది యంత్రం అన్న గీత చెరిగిపోయిన కథ ఇది. ఇలాంటి కథకు, మనుషులు వస్తే వయొలిన్, యంత్రాలు వస్తే సింథ్ అని చిన్నపిల్లల లెక్కలా సంగీతం చేసి ఉంటే అప్పుడు తిట్టాల్సింది.

ఈ కలయిక కొత్తదీ కాదు. 1982లో స్టీవెన్ లిస్‌బర్గర్ తీసిన మొదటి 'ట్రాన్'కు సంగీతం చేసింది వెండీ కార్లోస్. 1968లో బాఖ్ కృతులను మూగ్ సింథసైజర్ మీద వాయించి లోకాన్ని అదరగొట్టిన కళాకారిణి. 'ట్రాన్'లో ఆమె తన సింథసైజర్లను లండన్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందంతో కలిపింది. డాఫ్ట్ పంక్ ఆ వారసత్వాన్ని అందుకున్నారు. ఆ సినిమాకు ఎదురైన మరో అనుభవం కూడా చెప్పుకోవాలి: కంప్యూటర్ వాడటం మోసమని భావించి అకాడమీ తమ దృశ్య మాయాజాలాన్ని నామినేషన్‌కు పరిగణించలేదని లిస్‌బర్గర్ చెప్పేవాడు. ఇంకా వెనక్కి, 1956కు వెళ్తే 'ఫర్‌బిడెన్ ప్లానెట్' కనిపిస్తుంది. లూయీ, బేబీ బారన్ దంపతులు తమ చేతులతో కట్టిన సర్క్యూట్లతో సినిమా మొత్తానికి సంగీతం చేశారు. వాద్యకారుల సంఘంతో తగువు వస్తుందని తెరమీద దాన్ని సంగీతమనే అనలేదు, 'ఎలక్ట్రానిక్ ధ్వనులు' అన్న అర్థం వచ్చేలా వేశారు. ఆస్కార్ పోటీకి కూడా పనికిరాకుండా పోయింది. ఇప్పుడు వయొలిన్ వినబడగానే 'ఇది అసలు సంగీతకారుడి పని' అనేవాళ్లు తెలియకుండానే ఆ పాత తగువును కొనసాగిస్తున్నారు. మన దగ్గరా రెహమాన్ 'రోజా' వచ్చినప్పుడు కీబోర్డు సంగీతమని పెదవి విరిచినవాళ్లు లేకపోలేదు. అంతకుముందు ఆ కీబోర్డు చేతులే రాజ్-కోటిల దగ్గర, రమేశ్ నాయుడు దగ్గర వాయించాయని వాళ్లలో ఎందరికి తెలుసో!

జిమ్మర్ నిందకు కాస్త బలం ఉంది. 2008లో 'ది డార్క్ నైట్', 2010 జులైలో 'ఇన్‌సెప్షన్' వచ్చాయి. మొండిగా తిరిగే తీగల గుచ్ఛం, కింద బరువైన బ్రాస్, నెమ్మదిగా పెరిగే ఒత్తిడి: ఈ మూడూ 'ట్రాన్: లెగసీ'లోనూ ఉన్నాయి. కాదనను. కొన్ని ముక్కలు మరీ దగ్గరగా ఉన్నాయి కూడా, వాటిని నేను దాటవేస్తాను. కానీ ఎవరిది ఎవరు తీసుకున్నారు? జిమ్మర్ ఎక్కడి నుంచి వచ్చాడు? సింథసైజర్ల నుంచే. 1979లో 'వీడియో కిల్డ్ ది రేడియో స్టార్' పాటతో ప్రపంచాన్ని ఊపిన బగుల్స్ బృందంతో పనిచేశాడు, ఆ పాట వీడియోలో కీబోర్డు ముందు కనబడతాడు కూడా. చిన్న గుచ్ఛాన్ని పట్టుకుని, దాన్ని తిప్పుతూ, ఒక్కో పొర కలుపుతూ, ఒక్కో పొర తీస్తూ ఉద్రేకాన్ని పెంచడం సీక్వెన్సర్ నేర్పిన విద్య. జిమ్మర్ దాన్ని వాద్యబృందంలోకి తీసుకెళ్లాడు. బాంగల్తేర్, ఒమెమ్-క్రిస్తో అదే విద్యను పారిస్ క్లబ్బుల్లో పదిహేనేళ్లుగా చేస్తున్నారు. 1978 నాటి 'మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్'కు ఆస్కార్ గెలిచిన జార్జియో మొరోడర్ అంతకుముందే చేశాడు, తర్వాత 2013లో వీళ్ల ఆల్బమ్‌లో తన కథ తానే చెప్పుకున్నాడు. ఒకే ఏటి నీళ్లు తాగినవాళ్ల గొంతులు కలిస్తే అందులో దొంగతనం ఏముంది?

తేడా ఎక్కడుందో కూడా చెప్పాలి. జిమ్మర్ ఒత్తిడి పెంచుకుంటూ పోయి బద్దలు కొడతాడు. డాఫ్ట్ పంక్ చాలాచోట్ల పెంచి, ఆపి, వదిలేస్తారు. నాట్యసంగీతంలో దరువు పడే ముందు వచ్చే ఖాళీ ఎంత విలువైనదో ఎరిగిన చేతులవి. ప్రారంభంలో వచ్చే మూలస్వరం ఎంత సరళంగా ఉంటుందంటే, ఒక్కసారి విన్న పిల్లవాడు ఈల వేయగలడు. అదే స్వరం చివరి టైటిల్స్‌లో సింథ్ గొంతుతో, యంత్రపు దరువు మీద తిరిగి వస్తుంది. ఆ మధ్యలో జరిగిందంతా సినిమాయే.

ట్రపనీజ్ విషయానికి వద్దాం. హాలీవుడ్‌లో సంగీత దర్శకుడు వేరు, వాద్యబృందానికి స్వరాలు విడమరిచి రాసే ఆర్కెస్ట్రేటర్ వేరు. ఈ ఏర్పాటు ఆ పరిశ్రమంత పాతది. మాక్స్ స్టైనర్‌కు హ్యూగో ఫ్రీడ్‌హోఫర్ ఉన్నాడు. చార్లీ చాప్లిన్‌కు స్వరలిపి రాదు, 'మోడరన్ టైమ్స్'కు డేవిడ్ రాక్సిన్ సహాయపడ్డాడు, అయినా ఆ రాగం చాప్లిన్‌దేనని ఎవరూ అనుమానించరు. రాక్ బృందం నుంచి వచ్చిన డానీ ఎల్ఫ్‌మన్ 1989లో 'బ్యాట్‌మన్' చేసినప్పుడు మాత్రం ఇదే నింద వినాల్సి వచ్చింది: ఇతనికి రాయడం రాదు, రాసింది ఇంకెవరో. జాన్ విలియమ్స్‌కూ ఆర్కెస్ట్రేటర్లు ఉన్నారు, ఆయన్ను ఈ మాట అడిగినవాళ్లను నేను చూడలేదు. అంటే ప్రశ్న ఆర్కెస్ట్రేటర్ ఉన్నాడా లేడా అన్నది కాదు. ఏ గుమ్మం గుండా వచ్చావన్నది.

2022లో బోర్డోలో ఒక బ్యాలే మొదలైంది, పేరు 'మిథాలజీస్', నృత్యం ఏంజెలిన్ ప్రెల్యోకాజ్‌ది. దానికి గంటన్నర సంగీతం రాసింది బాంగల్తేర్. మొత్తం వాద్యబృందమే, యంత్రాల ఊసు లేదు. మరుసటి ఏడాది ఆల్బమ్‌గా వచ్చింది. వాద్యబృందానికి రాయడం రాదన్న మనిషి రాసి చూపించాడు. అది 2010 నాటికి రుజువు కాదని ఎదురు వాదించవచ్చు, సబబే. ఆ పన్నెండేళ్లలో నేర్చుకుని ఉండవచ్చు, ట్రపనీజ్ పక్కన కూర్చున్నప్పుడే మొదలుపెట్టి ఉండవచ్చు. అయితే దాన్ని కలిసి పనిచేయడం అంటారు. ఒకరు దాక్కుని మరొకరి చేత రాయించుకోవడం అనరు. ట్రపనీజ్ కూడా ఆ గదిలోంచి ఏమీ తీసుకోకుండా బయటికి రాలేదు. ఆ తర్వాత ఇండోనేషియా పోరాట చిత్రం 'ది రెయిడ్' అమెరికా విడుదలకు లింకిన్ పార్క్ మైక్ షినోడాతో కలిసి కూర్చున్నాడు. 2013లో కొసిన్స్కీయే తీసిన 'ఒబ్లివియన్'కు ఎం83 ఆంథొనీ గొంజాలెజ్‌తో కలిసి చేశాడు. యంత్రంతో పెరిగినవాళ్ల పక్కన కూర్చుని సంగీతం చేయడమే అతని ప్రత్యేకత అయింది.

'ట్రాన్: లెగసీ' పోటీకి వచ్చిన ఏడాది అకాడమీ ఏం చేసిందో చూస్తే ఇంకో వింత. 2011 ఆస్కార్‌లో ఉత్తమ సంగీతం బహుమతి ఎలక్ట్రానిక్ సంగీతానికే వెళ్లింది, ట్రెంట్ రెజ్నర్, అట్టికస్ రాస్‌లు చేసిన 'ది సోషల్ నెట్‌వర్క్'కు. '127 అవర్స్'తో మన రెహమాన్ కూడా అదే పోటీలో ఉన్నాడు. 'ట్రాన్: లెగసీ'కి నామినేషనే రాలేదు. అంటే యంత్రం ఒక్కటే ఉంటే సరే, వాద్యబృందం ఒక్కటే ఉన్నా సరే, రెండూ కలిస్తే ఎవరి ఖాతాలో వేయాలో పెద్దలకు తెలియలేదన్నమాట. గ్రామీ నామినేషన్ వచ్చింది, బహుమతి 'ది కింగ్స్ స్పీచ్' పట్టుకుపోయింది. 2025లో 'ట్రాన్: ఏరీస్' వచ్చింది, ఈసారి సంగీతం రెజ్నర్, రాస్‌ల నైన్ ఇంచ్ నెయిల్స్ పేరు మీద. విడుదలైన వారానికే పాత తీర్పు దుమ్ము దులిపి మళ్లీ వాడారు: సినిమా ఏమీ లేదు, సంగీతం మాత్రం…

పేరు ఎవరికి దక్కాలన్నదే నిజంగా బాధ అయితే దానికి మందు సులువు. 'ఒబ్లివియన్' సంగీతం కింద గొంజాలెజ్ పేరు పక్కన ట్రపనీజ్ పేరు కూడా ఉంది. 'ట్రాన్: లెగసీ' ఆల్బమ్ అట్ట మీద డాఫ్ట్ పంక్ పేరొక్కటే ఉంది, ట్రపనీజ్ పేరు లోపలి వివరాల్లో చూసుకోవాలి. అట్ట మీద ఇంకో పేరు చేర్చమని అడగండి, నేనూ మీతో గొంతు కలుపుతాను. ఉన్న పేరు చెరిపేయమంటే మాత్రం ముందు 'సోలార్ సెయిలర్'లో ఎన్ని వయొలిన్లు వాయిస్తున్నాయో లెక్కపెట్టుకుని రండి.